పోయింది పోర్టేనా?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ని పూర్తి పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. సీటీసీ అంటే చాలు, అందరికీ తెలుస్తుంది. చెన్నైకి రిచీ స్ట్రీట్, బెంగళూరుకి ఎస్పీ రోడ్డు, ఢిల్లీకి నెహ్రూ ప్లేస్ ఎలాగో, కంప్యూటర్ల బజారుగా జంటనగరాలకి ఇది అలాగ. క్యాబినెట్‌ని స్కూటర్ మీద కాళ్ల మధ్య ఇరికించుకుని ఇక్కడికి వచ్చేవాళ్లు తరచూ చెప్పే ఫిర్యాదుల్లో ఒకటి: "యూఎస్‌బీ పోర్టు పోయింది." దానికి వచ్చే జవాబు మాత్రం మీరు ఏ కౌంటరు ముందు నిలబడ్డారో దాన్నిబట్టి ఉంటుంది. ఒకాయన "విండోస్ కొట్టేద్దాం సార్" అంటాడు. పక్కాయన "సౌత్ బ్రిడ్జ్ పోయుంటుంది, చిప్ లెవెల్ చూడాలి" అంటాడు. మూడో ఆయన మూత కూడా విప్పకుండా కొత్త బోర్డు ధర చెప్పేస్తాడు. ఇంటికొచ్చి పక్కింటి ఇంజనీరింగ్ కుర్రాణ్ణి అడిగితే, ప్లగ్గు పీకేసి పది నిమిషాలు ఆగి పెట్టమంటాడు.

నాలుగు మాటల్లోనూ నిజముంది. ఒక్కోటీ ఒక్కో రకం జబ్బుకి సరైన మందే. జబ్బేదో తేలకముందే మందు చీటీ రాయడంతోనే పేచీ. ఎవరి చేతికి ఏది అందుతుందో వాళ్లకి తప్పు అక్కడే కనిపిస్తుంది. కంపెనీల సహాయ పేజీలు చూడండి, దాదాపు అన్నీ డ్రైవర్‌తోనే మొదలుపెడతాయి. ఎందుకంటే అవి తెర మీంచి మాత్రమే మనతో మాట్లాడగలవు; మన గోడలో సాకెట్ ఎలా ఉందో వాటికి కనపడదు. నా లెక్క దీనికి సరిగ్గా తలకిందులు. ముందు ఏయే పోర్టులు పోయాయో లెక్కపెట్టాలి, తర్వాత కరెంటు సంగతి, ఎర్త్ సంగతి చూడాలి, డ్రైవర్లూ విండోసూ ఆ తర్వాత. మన ఇళ్లలో, మన షాపుల్లో పోర్టుల చావుకి కారణం తరచుగా కంప్యూటర్ బయటే ఉంటుందన్నది ఈ వ్యాసంలో నేను వాదించబోయే మాట.

ముందు ఆ చిన్న రంధ్రంలో ఏముందో చూద్దాం. యూఎస్‌బీ మొదటి ప్రమాణం 1996 జనవరిలో వచ్చింది. ఇంటెల్‌తో కలిపి ఏడు కంపెనీలు దాని వెనక ఉన్నాయి. ఇంటెల్ బృందాన్ని నడిపిన అజయ్ భట్ వడోదరలో చదువుకున్నవాడు. ఆ మొదటి యూఎస్‌బీలో నాలుగే తీగలు. ఎరుపులో 5 వోల్టులు, నలుపు గ్రౌండు, ఆకుపచ్చ, తెలుపు తీగల్లో డేటా. 2000లో వచ్చిన 2.0 వేగాన్ని సెకనుకి 480 మెగాబిట్లకి పెంచింది కానీ తీగలు పెంచలేదు. 2008 నవంబరులో వచ్చిన 3.0 మాత్రం అదే నోట్లో ఇంకో ఐదు పిన్నులు చేర్చింది. అంటే మనం చూసే నీలం పోర్టులో నిజానికి రెండు పోర్టులు కాపురం చేస్తున్నాయి. ఒకటి పోయి రెండోది బతికుండొచ్చు. నీలం పోర్టులో మౌస్ చక్కగా ఆడుతూ, హార్డ్ డిస్క్ మాత్రం పాత 2.0 వేగంతో ఈడుస్తోందంటే ఆ కొత్త ఐదు పిన్నుల దగ్గరే ఏదో తేడా ఉన్నట్టు. దుమ్ము కావచ్చు, వంగిన పిన్ను కావచ్చు, 3.0 తీగలు లేని కేబుల్ కావచ్చు.

పెన్‌డ్రైవ్ గుచ్చగానే జరిగే పలకరింపు కూడా తెలుసుకోవాల్సిందే. లోపలికి వెళ్లిన వస్తువు ముందు 5 వోల్టుల కరెంటు తీసుకుంటుంది. తర్వాత రెండు డేటా తీగల్లో ఒకదాన్ని పైకి లాగి "నేనొచ్చాను" అని తెలియజేస్తుంది. బోర్డు దాన్ని ఒకసారి రీసెట్ చేసి, ఎవరు నువ్వని అడుగుతుంది. జవాబు సరిగా వస్తేనే 2.0 పోర్టులో 500, 3.0 పోర్టులో 900 మిల్లీ ఆంపియర్ల దాకా వాడుకోనిస్తుంది. ఈ క్రమం తెలిస్తే విండోస్ పెట్టే మొహమాటపు సందేశాలకి అర్థం తెలుస్తుంది. "యూఎస్‌బీ డివైస్ నాట్ రికగ్నైజ్డ్" అని వచ్చిందంటే, డివైస్ మేనేజర్‌లో కోడ్ 43 అని కనిపించిందంటే, వచ్చిన వస్తువుని బోర్డు చూసింది, అడిగిన ప్రశ్నకే జవాబు రాలేదు. కరెంటు అందుతోందన్నమాట, డేటా తీగ ఒకటైనా పనిచేస్తోందన్నమాట. అసలు చప్పుడే లేకపోతే కథ వేరు. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి "పోర్టు పట్టట్లేదు" అంటారు. కౌంటర్లో ఉన్నవాడు కూడా రెండోసారి అడగడు.

ఫోన్ చార్జ్ అవుతుంది గానీ కంప్యూటర్లో కనపడదు అనే ఫిర్యాదుకైతే పోర్టు దాకా పోనక్కర్లేదు. ఫుట్‌పాత్ మీద దొరికే చవక కేబుళ్లలో ఎరుపు, నలుపు మాత్రమే ఉండి డేటా తీగలు అసలే లేనివి బోలెడు. ఇంకో కేబుల్‌తో చూసేదాకా పోర్టుని అనుమానించడం అన్యాయం.

ఇప్పుడు లెక్క. ఒక్క పోర్టే పోతే తప్పు ఆ పోర్టు నోట్లోనే ఉండొచ్చు. ఒకదాని మీద ఒకటి ఉన్న జంట రెండూ కలిసి పోతే ఆ జంటకి కరెంటు ఇచ్చే దారి తెగినట్టు. ముందువైపువి అన్నీ పోయి వెనకవి పనిచేస్తుంటే క్యాబినెట్ వైరు. ముందూ వెనకా అన్నీ ఒకేసారి పోతే ఎస్‌ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే పెట్టె), సౌత్ బ్రిడ్జ్ (బోర్డు మీద పోర్టులని నడిపే చిప్), లేదా విండోస్. ఈ చివరి మూడింట్లో విండోస్‌ని విడదీయడానికి ఒక చిన్న ఉపాయం చాలు. కంప్యూటర్ ఆన్ చేసి డిలీట్ కీ కొట్టి బయోస్‌లోకి వెళ్లండి. అక్కడ యూఎస్‌బీ కీబోర్డు మాట వింటూ, విండోస్‌లోకి రాగానే మూగబోతే తప్పు బోర్డుది కాదని దాదాపు ఖాయం. ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయాలి. ఉబుంటు అయినా సరే, మన స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగులో తెచ్చినదైనా సరే. అందులో డీమెసేజ్ అనే ఆదేశం ఇస్తే ఏ పోర్టులో ఏం జరిగిందో వరసగా చెప్తుంది. కరెంటు మితిమీరిందంటే "ఓవర్ కరెంట్" అనే రాస్తుంది. విండోస్ దాచిపెట్టే చాలా సంగతులు లినక్స్ మొహమాటం లేకుండా బయటపెడుతుంది. చిరాకుపడకుండా ఆ అక్షరాలు చదివే ఓపిక ఉండాలంతే.

ప్లగ్గు పీకి ఆగమన్న పక్కింటి కుర్రాడి సలహా వింటే నవ్వొస్తుంది గానీ, దాని వెనక రెండు గట్టి కారణాలున్నాయి. డెస్క్‌టాప్‌ని షట్‌డౌన్ చేసినా ఎస్‌ఎంపీఎస్ పూర్తిగా నిద్రపోదు. ఊదా రంగు తీగలో 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు ఇస్తూనే ఉంటుంది. కంప్యూటర్ ఆపాక కూడా కొన్ని బోర్డుల్లో ఫోన్ చార్జ్ అవడానికి కారణం అదే. అందువల్ల యూఎస్‌బీ కంట్రోలర్ ఎక్కడైనా బిగుసుకుపోతే షట్‌డౌన్‌తో విడివడదు. గోడ దగ్గర స్విచ్ ఆపి, పవర్ బటన్ కాసేపు నొక్కిపట్టి, లోపల మిగిలిన చార్జి అంతా దిగేలా చేస్తేనే మళ్లీ మొదటినుంచి లేస్తుంది. రెండో కారణం పాలీఫ్యూజ్. చాలా బోర్డుల మీద పోర్టుల దగ్గర చిన్న ఆకుపచ్చటి, నల్లటి పలకల్లాంటివి ఉంటాయి. వాటి గుండా కరెంటు మితిమీరితే వేడెక్కి దారి మూసేస్తాయి. కరెంటు తీసేసి చల్లబడనిస్తే మళ్లీ తెరుచుకుంటాయి. తరచుగా ఒక్కో జంట పోర్టులకి ఒక్కో ఫ్యూజు. ఇందాక చెప్పిన జంట మరణాల రహస్యం అదే. చల్లబడ్డాక కూడా తెరుచుకోకపోతే ఆ ఫ్యూజు నిజంగానే పోయినట్టు. మార్చడం పది నిమిషాల సోల్డరింగ్ పని, బోర్డు మార్చాల్సినంత ప్రమాదం కాదు.

ఇక నేను ఎక్కువసేపు ఆగాల్సిన చోటు ఎర్త్. చెప్పులు లేకుండా నిలబడి క్యాబినెట్ వెనక స్క్రూని వేలితో తాకితే జిల్లుమంటుందా? టెస్టర్ పెడితే సన్నగా వెలుగుతుందా? చాలామంది ఇళ్లలో ఔనంటారు, అంటూనే "అది మామూలే" అని కూడా అంటారు. మామూలు కాదు. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటులోని గోలని వడగట్టడానికి ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి రెండు చిన్న కెపాసిటర్లు క్యాబినెట్ ఇనుముకి కలిపి ఉంటాయి. మూడో పిన్నుకి నిజమైన ఎర్త్ ఉంటే అవి వదిలే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే పోయే దారిలేక క్యాబినెట్ మొత్తం సుమారు 115 వోల్టుల దగ్గర, అంటే మన 230లో సగం దగ్గర, తేలుతూ ఉంటుంది. మిల్లీ ఆంపియర్ లోపు కరెంటు కాబట్టి మనిషికి చురుక్కుమనడంతో సరి. మోండా మార్కెట్, రాణీగంజ్ వైపు పాత మేడల్లో మూడు రంధ్రాల సాకెట్ ఉండి, మూడో రంధ్రం వెనక తీగే లేకపోవడం వింతేమీ కాదు. కొత్త అపార్ట్‌మెంట్లలోనైనా రెండు పిన్నుల అడాప్టర్ మధ్యలో పెట్టి ఎర్త్‌ని మనమే తెంపేసుకుంటాం.

ఇలా తేలుతున్న క్యాబినెట్‌కి, వేరే గదిలో వేరే సాకెట్ మీద ఉన్న ప్రింటర్‌ని కలిపామనుకోండి. లేదా కేబుల్ టీవీ తీగ తగులుకున్న పెట్టెని కలిపామనుకోండి. రెండింటి మధ్య ఉన్న వోల్టు తేడా అంతా కేబుల్ తాకిన క్షణంలో సర్దుకోవాలి. యూఎస్‌బీ రూపకర్తలు ఇది ముందే ఊహించారు. ప్లగ్గు చుట్టూ ఉన్న రేకు ముందు తగులుతుంది. లోపల కరెంటు, గ్రౌండు పిన్నులు డేటా పిన్నులకంటే ఒక మిల్లీమీటరు పొడుగుంటాయి. అంటే డేటా తీగలు కలిసే లోపల గ్రౌండు కలిసిపోవాలన్నది ఏర్పాటు. పోర్టు లోపలి రేకు వదులై, తుప్పు పట్టి, సరిగా తగలకపోతే ఆ వరస తప్పుతుంది. తేడా అంతా డేటా పిన్నుల మీదుగా చిప్‌లోకి దిగుతుంది. ప్రింటర్ తగిలించిన రోజునే పోర్టు పోయిందని చెప్పేవాళ్లు ప్రింటర్‌ని తిట్టుకుంటారు. నేనైతే ముందు సాకెట్ వైపు చూస్తాను.

డేటా పిన్నుల్లోకి వోల్టులు దిగితే ఏమవుతుందో 2019లో అమెరికాలో ఒక కేసు బాగా చూపించింది. న్యూయార్క్ రాష్ట్రం ఆల్బనీలోని కాలేజ్ ఆఫ్ సెయింట్ రోజ్‌లో ఫిబ్రవరి 14న ఒక భారతీయ పూర్వ విద్యార్థి యూఎస్‌బీ కిల్లర్ అనే పెన్‌డ్రైవ్ లాంటి వస్తువుని ఒక్కో కంప్యూటర్‌లో గుచ్చుకుంటూ పోయి 66 యంత్రాల్ని కాల్చేశాడు. ఆ వస్తువు పోర్టు ఇచ్చే 5 వోల్టులనే కెపాసిటర్లలో పోగేసి, వందల వోల్టులుగా మార్చి, డేటా తీగల్లోకి తిరగ్గొడుతుంది. 12 నెలల జైలు, 58,471 డాలర్ల పరిహారం పడ్డాయి. తేలే క్యాబినెట్‌కి అంత శక్తి ఉండదు, కాబట్టి ఒక్క దెబ్బతో చంపదు. కానీ దెబ్బ పడేది అదే చోట.

చలికాలం, ఎండాకాలం మొదట్లో దక్కన్ గాలి పొడిగా ఉంటుంది కదా, అప్పుడు ఒంటి మీద పేరుకునే స్థిరవిద్యుత్తు కూడా ఈ జాబితాలోదే. వేలికి చురుక్కుమని తెలియాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి. మనకి తెలియని స్థాయిలోనే చిప్‌కి హాని మొదలవుతుంది. 2003లో వచ్చిన ఇంటెల్ 865, 875 చిప్‌సెట్ల సౌత్ బ్రిడ్జ్ ఐసీహెచ్5 ఈ విషయంలో పేరుమోసింది. ముందు పోర్టులో పెన్‌డ్రైవ్ పెడుతూ చేతి నుంచి చిన్న మెరుపు దూకితే చాలు, చిప్ లోపలే షార్ట్ అయి, వేడెక్కి, పైన కాలిన మచ్చ పడి, బోర్డంతా చచ్చేది. ఆ తరం బోర్డులు మన ఊళ్లో ఇంటర్నెట్ సెంటర్ల నిండా ఉండేవి. సౌత్ బ్రిడ్జ్ అనే మాట పాత మెకానిక్‌ల నోట ఇంత సులువుగా దొర్లడానికి ఆ కాలం కారణమని నాకు అనుమానం. తర్వాతి బోర్డుల్లో రక్షణ చాలా మెరుగైంది, మాట మాత్రం అలాగే మిగిలిపోయింది.

పిడుగుల సంగతి ఇప్పుడు కొంత నయం. టెలిఫోన్ తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ ఉన్న రోజుల్లో వానాకాలం ప్రతి ఉరుముకీ మోడెమ్ పోయేది, దానితోపాటు దానికి కలిపిన పోర్టు పోయేది. ఫైబర్ గాజు తీగ కాబట్టి కరెంటు మోయదు. అయినా రూటర్ అడాప్టర్ గోడ సాకెట్‌లోనే ఉంటుందని మరిచిపోకూడదు.

ముందు పోర్టుల కథ వేరు. వెనకవి బోర్డుకే అతుక్కుని ఉంటాయి. ముందువి మాత్రం క్యాబినెట్ లోపల పొడుగాటి వైరుతో వచ్చి బోర్డు మీది పిన్నుల వరసలో కూర్చుంటాయి. 2.0కి తొమ్మిది పిన్నులు, 3.0కి పంతొమ్మిది. పంతొమ్మిది పిన్నుల సాకెట్ ఎంత సున్నితమంటే, వైరుని కాస్త పక్కకి ఒరిగించి లాగితే పిన్నులు వంగి పక్కదాన్ని తాకుతాయి. కొన్ని ఏసస్ బోర్డుల్లో ఆన్ చేయగానే నల్లతెర మీద ఒక హెచ్చరిక వస్తుంది: యూఎస్‌బీలో కరెంటు మితిమీరింది, 15 సెకన్లలో కంప్యూటర్ ఆగిపోతుంది. సరిగ్గా 15 సెకన్లకి ఆగిపోతుంది కూడా. ఇది చూసి బోర్డు పోయిందని బాధపడేవాళ్లున్నారు. క్యాబినెట్ తెరిచి ముందు పోర్టుల వైరు పీకి ఆన్ చేస్తే చాలాసార్లు మామూలుగా లేస్తుంది. టార్చి వేసి ముందు పోర్టు నోట్లోకి చూస్తే, లోపలి నల్ల ప్లాస్టిక్ నాలుక విరిగి, నాలుగు పిన్నుల్లో ఒకటి లేచి రేకుని ముద్దాడుతూ కనిపిస్తుంది. దాన్ని సన్నటి పుల్లతో, కరెంటు లేనప్పుడు, వెనక్కి నెట్టడమే వైద్యం. నాలుక పూర్తిగా విరిగితే ఆ పోర్టు వైరుని శాశ్వతంగా తీసేయడం మేలు.

పాత బోర్డుల్లో ఇంకో ఉచ్చు ఉండేది. ఫైర్‌వైర్ అనే ఇంకో రకం పోర్టుకి కూడా అచ్చం అలాంటి పిన్నుల వరసే ఉండేది, అందులో 12 వోల్టుల కరెంటు వచ్చేది. ముందు యూఎస్‌బీ వైరుని పొరపాటున అక్కడ పెడితే గుచ్చిన ప్రతి పెన్‌డ్రైవూ కాలిపోయేది. ఇప్పటికీ పాత సెకండ్‌హ్యాండ్ బోర్డు కొనేవాళ్లు పిన్నుల పక్కన అచ్చేసిన అక్షరాలు చదివి వైరు పెట్టాలి.

అరుగుదల గురించి ఒక లెక్క. మామూలు యూఎస్‌బీ నోటికి ప్రమాణం చెప్పే ఆయుష్షు 1,500 సార్లు పెట్టి తీయడం. టైప్ సీకి 10,000. ఇంట్లో రోజుకి రెండుసార్లు వాడితే 1,500 అంటే రెండేళ్లు దాటుతుంది. సికింద్రాబాద్ పాస్‌పోర్టు ఆఫీసు చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో రోజుకి ముప్ఫై పెన్‌డ్రైవులు వచ్చిన రోజుల్లో అదే ఆయుష్షు 50 రోజులు! తెలివైన షాపువాళ్లు అందుకే ఒక ఎక్స్‌టెన్షన్ కేబుల్ బల్ల మీదికి వేలాడదీసి, అరిగేదేదో అదే అరగనిస్తారు. దాని ధర టీ, ఉస్మానియా బిస్కట్ల ఖర్చుకి కాస్త ఎక్కువ. ఇప్పుడు జనం పీడీఎఫ్‌లు వాట్సాప్‌లో పంపేస్తున్నారు కాబట్టి పోర్టులకి కాస్త ఊపిరాడుతోంది.

ఇప్పుడు విండోస్ పక్షం. వాళ్ల వాదనని తీసిపారేయడానికి లేదు, సాక్ష్యాలు గట్టివే. 2015లో ఇంటెల్ 100 సిరీస్ బోర్డులొచ్చినప్పుడు పాత యూఎస్‌బీ 2.0 కంట్రోలర్‌ని తీసేశారు. విండోస్ 7కి 3.0 డ్రైవర్ స్వతహాగా లేదు. ఫలితంగా కొత్త బోర్డు మీద విండోస్ 7 వేయబోతే మొదటి తెరలోనే కీబోర్డూ మౌసూ చచ్చిపడేవి. డీవీడీ మార్చి, పెన్‌డ్రైవ్ మార్చి, చివరికి బోర్డు వాపస్ తెచ్చినవాళ్లకి బోర్డులో ఏ తప్పూ లేదని నమ్మించడం కష్టమైపోయేది. 2018 ఫిబ్రవరిలో విండోస్ 10కి వచ్చిన కేబీ4074588 అనే అప్‌డేట్ కొందరి యూఎస్‌బీ వస్తువుల్ని ఆపేసింది. 2021లో రైజెన్ ప్రాసెసర్లున్న 500 సిరీస్ బోర్డుల్లో యూఎస్‌బీ మధ్యమధ్యలో తెగిపోతోందని ఫిర్యాదులు వెల్లువెత్తితే, ఏఎండీ ఒప్పుకుని ఏప్రిల్‌లో బయోస్ మార్పు ఇచ్చింది. 2025 అక్టోబరులో విండోస్ 11కి వచ్చిన ఒక అప్‌డేట్‌తో రికవరీ తెరలో యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయలేదు. వారం లోపే మైక్రోసాఫ్ట్ దిద్దుకుంది. 2013 నాటి ఇంటెల్ 8 సిరీస్ తొలి చిప్పులైతే సాఫ్ట్‌వేర్‌కి కూడా లొంగలేదు. కంప్యూటర్ నిద్రలేచాక కొన్ని 3.0 వస్తువులు మాయమయ్యేవి. ఇంటెల్ చిప్ కొత్త కూర్పు తెచ్చాకే సర్దుకుంది.

ఈ ఉదాహరణల్లో గమనించాల్సింది ఒకటుంది. ఇవన్నీ ఒక్కసారిగా వేలమందికి వచ్చాయి, అప్‌డేట్ వేసిన రోజునో బోర్డు కొత్తగా కొన్న రోజునో వచ్చాయి. నిన్నటిదాకా పనిచేసి, ఏ అప్‌డేటూ రాకుండా, ఒక్క పోర్టు మాత్రమే ఆగిందంటే విండోస్ మీద నేరం మోపడం కష్టం. "విండోస్ కొట్టడం" అలాంటప్పుడు సగం రోజు, కొన్నిసార్లు ఫొటోలు, తినేస్తుంది. అంతకంటే ముందు చేయాల్సిన రెండు పనులున్నాయి. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ లక్షణాల్లోకి వెళ్లి, కరెంటు ఆదాకోసం దాన్ని ఆపేయొచ్చన్న టిక్కు తీసేయడం ఒకటి. షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ కొట్టడం రెండోది. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్ అంటే నిజానికి సగం నిద్ర. పాత గందరగోళం అలాగే డిస్కులో దాచి మర్నాడు మళ్లీ లేపుతుంది. రీస్టార్ట్ ఒక్కటే పూర్తిగా కొత్తగా మొదలెడుతుంది.

పోర్టు పోలేదు, ఎవరో మూసేశారు అనే సందర్భాలు కూడా తక్కువేం కాదు. మౌస్, కీబోర్డు బ్రహ్మాండంగా పనిచేస్తూ ఏ పోర్టులో పెట్టినా పెన్‌డ్రైవ్ ఒక్కటే పట్టకపోతే నిషేధాన్ని అనుమానించాలి. రిజిస్ట్రీలో యూఎస్‌బీ స్టోర్ అనే పద్దులో స్టార్ట్ విలువ 3 ఉంటే తలుపు తెరిచినట్టు, 4 ఉంటే గడియ వేసినట్టు. ఆఫీసుల నుంచి వేలంలో కొన్న సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్‌లలో ఈ 4 అలాగే మిగిలిపోవడం కద్దు. ఆఫీసులు ఇలా మూయడానికి కారణాలూ లేకపోలేదు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ పెన్‌డ్రైవుల మీదుగానే పాకింది. మన ఇంటర్నెట్ సెంటర్లలో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయిన కాలం ఎవరు మరిచిపోగలరు?

ఇంకో గుంపు ఫిర్యాదుల్లో పోర్టుకి ఏ సంబంధమూ లేదు. చార్టర్డ్ అకౌంటెంట్ల దగ్గర జీఎస్టీ, టెండర్ల కోసం వాడే డిజిటల్ సంతకం టోకెన్‌కి తన సొంత డ్రైవర్ ఉండాలి. మీసేవ కేంద్రాల్లో వేలిముద్ర యంత్రానికి ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రామ్ నడుస్తుండాలి. అది ఆగితే దీపం వెలిగినా ఆధార్ పని జరగదు. చవక సీరియల్ కేబుళ్లలో నకిలీ చిప్పులుంటే కొత్త డ్రైవర్ వాటిని గుర్తుపట్టి కోడ్ 10 చూపిస్తుంది. 2014లో ఎఫ్‌టీడీఐ అనే చిప్ కంపెనీ డ్రైవర్ ఏకంగా నకిలీ చిప్పుల గుర్తింపు సంఖ్యనే చెరిపి వాటిని పనికిరాకుండా చేసి తిట్లు తిన్నది. వైర్‌లెస్ మౌస్ గంతులేస్తోందా? పక్కనే 3.0 హార్డ్ డిస్క్ ఉందేమో చూడండి. 3.0 తీగల గోల 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియోని ముంచేస్తుందని ఇంటెల్ 2012లోనే పత్రం రాసి చెప్పింది. మౌస్ రిసీవర్‌ని ముందువైపు పోర్టుకి మారిస్తే సరిపోతుంది.

ఇన్నీ దాటాక మిగిలినవి నిజంగా పోయిన పోర్టులు. ఇక్కడ చిప్ లెవెల్ వాళ్లకి దండం పెట్టాలి. అమీర్‌పేటలో హార్డ్‌వేర్ నేర్చుకుని సీటీసీ పై అంతస్తుల్లో భూతద్దం కింద పనిచేసే కుర్రాళ్లు మల్టీమీటర్‌ని డయోడ్ మోడ్‌లో పెట్టి, ఎర్ర ప్రోబ్ గ్రౌండుకి, నల్లది ఒక్కో డేటా పిన్నుకి తాకించి చూస్తారు. రెండు డేటా తీగలూ దగ్గరదగ్గరగా ఒకే అంకె చూపాలి. ఒకటి సున్నా చూపి బీప్ మంటే షార్టు. ఒకటి అసలేమీ చూపకపోతే దారి తెగింది. షార్టు చూపితే వెంటనే సౌత్ బ్రిడ్జ్ అనరు మంచివాళ్లు. పోర్టు పక్కన బియ్యపు గింజకంటే చిన్న, ఆరు కాళ్ల రక్షణ చిప్ ఒకటుంటుంది. స్థిరవిద్యుత్తు దెబ్బ తాను తిని వెనకున్నదాన్ని కాపాడడం దాని ఉద్యోగం. చాలాసార్లు షార్టయ్యేది అదే. దాన్ని హాట్ ఎయిర్‌తో తీసేయగానే పోర్టు లేస్తుంది. చాలామంది అక్కడితో ఆపేసి డబ్బు తీసుకుంటారు. కొత్తది వేసి ఇమ్మని అడగండి. లేకపోతే తర్వాతి దెబ్బ నేరుగా సౌత్ బ్రిడ్జ్‌కే. సౌత్ బ్రిడ్జే పోయి, మిగతా బోర్డు నడుస్తుంటే, దాన్ని తీసి కొత్తది అతికించే పనికి నేను ఓటెయ్యను. పోర్టు కోసం అంత వేడి బోర్డుకి పెట్టడం నష్టబేరం.

అలాంటప్పుడు పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు అనే ఇంకో దారి ఉంది. కౌంటర్లలో ఇది ఎందుకో తక్కువగా వినిపిస్తుంది, బహుశా లాభం తక్కువ కావడం వల్లేమో. వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరికే కార్డు స్లాటులో కూర్చుని తన సొంత కంట్రోలర్‌తో రెండో నాలుగో 3.0 పోర్టులిస్తుంది. ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా కరెంటు తీసుకునే కనెక్టర్ ఉన్నది చూసి తీసుకోవాలి. 2011 నాటి హెచ్61 బోర్డులు మన మార్కెట్‌లో ఇప్పటికీ కొత్తవిగా అమ్ముడవుతున్నాయి. వాటి చిప్‌సెట్‌లో 3.0 అసలే లేదు. అలాంటి బోర్డుకి ఈ కార్డు పెడితే పోయిన పోర్టుల బెంగ తీరడమే కాదు, ముందులేని వేగం కూడా వస్తుంది. చిక్కల్లా బయోస్ దశలో కొన్ని పాత బోర్డులు ఈ కార్డుని చూడవు; అందుకని కీబోర్డు కోసం బోర్డు మీది పోర్టు ఒక్కటైనా బతికుండాలి, లేదా పాత గుండ్రటి పీఎస్2 కీబోర్డు దాచుకోవాలి.

బోర్డు మార్చడం తప్పనిసరైతే మార్చండి. అయితే కొత్త బోర్డు బిగించే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ గోడ సాకెట్ చూపించాలి. ఆయన ఫేజుకీ ఎర్తుకీ మధ్య వంద వాట్ల బల్బు పెట్టి చూస్తాడు. నిండుగా వెలిగితే ఎర్త్ బాగున్నట్టు. మినుకుమినుకుమంటే తీగ ఎక్కడో వదులు, లేదా కింద ఎర్త్ గొయ్యి ఎండిపోయింది. అసలు వెలగకపోతే ఆ మూడో రంధ్రం అలంకారానికే. కరెంటు లీకైతే ఆపేసే ఈఎల్‌సీబీ ఉన్న ఇంట్లో బల్బు పెట్టగానే అది ఠక్కున పడిపోతుంది, కంగారుపడక్కర్లేదు, ఎర్త్ ఉందనే దానర్థం.